ఒకే ఒక్క ఎర్ర బాణం

ఆ ఎండాకాలం మా అమ్మ నాతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కారణం ఒక సినిమా. సినిమా కోసం తల్లీ కూతుళ్ళు మాటలు మానుకుంటారా అని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఇంట్లో సినిమా అంటే నవ్వులాట కాదు.

అమ్మ చొక్కాల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేసింది. కుట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలోకి ఎక్కబోయే చొక్కాని ఆమె ముందు పరిస్తే, కాలర్ నుంచి అంచు దాకా ఒక్కసారి చూపు పోనిచ్చి, తప్పున్న చోట ఎర్ర బాణం గుర్తున్న చిన్న స్టిక్కరు అంటించేది. కుట్టు జారిందనో బొత్తాం వంకరనో నోటితో చెప్పడం ఉండదు. బాణమే చెబుతుంది. అదే ఫ్యాక్టరీలో నేను కాలర్ల లైనులో కుడతాను. కన్నకూతురినని నాకు ఒక్క బాణం తగ్గించిన పాపాన పోలేదు, మహాతల్లి.

సినిమాలకైతే మరీను. ఆట వదలగానే హాలు మెట్ల మీద నిలబడి, తోటి చెకింగ్ వాళ్ళని చుట్టూ పెట్టుకుని, వేళ్ళు మడవడం మొదలుపెట్టేది. "ఒకటి. ఇంటర్వెల్ ముందు కుడిచేతికున్న కట్టు తర్వాత ఎడమచేతికి ఎట్లా వచ్చింది? రెండు. పిల్లని ఎత్తుకుపోతుంటే సంతలో అంతమంది గుడ్లప్పగించి చూస్తారా? వాళ్ళకి కాళ్ళూ చేతులూ లేవా?" రెండు చేతుల వేళ్ళూ అయిపోతే పక్కావిడ వేళ్ళు అరువు తీసుకునేది. సినిమా బాగాలేకపోయినా అమ్మ తిట్లు బాగుండేవి. దారిన పోయేవాళ్ళు కూడా ఆగి విని పోయేవాళ్ళు.

తొమ్మిదేళ్ళ కిందట ఒకే ఒక్క సినిమాకి ఆ వేళ్ళు మడతపడలేదు. లైట్‌హౌస్ కాపలాదారు కూతురి కథ అది. తండ్రి పడవలో వెళ్ళి తిరిగిరాడు. ఆ పిల్ల ఒక్కతే దీపం ఆరకుండా చూసుకుంటుంది, ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్ళని ఒక్కతే ఎదిరిస్తుంది. చివర్లో గాలివాన. ఎవరో తలుపు కొడతారు. ఆమె ఒక చేత్తో లాంతరు పట్టుకుని, రెండో చెయ్యి గడియ మీద వేస్తుంది. అంతే, తెర నల్లబడుతుంది. అమ్మ ఆ సినిమా పదకొండుసార్లు చూసింది. మొదటి రోజు మెట్ల మీద నిలబడి, "ఒకే ఒక్క బాణం పడుతుంది దీనికి. ఎక్కడో నేను చెప్పను. కళ్ళుంటే మీరే పట్టుకోండి" అంది. చెకింగ్ టేబుల్ ఆడవాళ్ళు, లోకంలో తప్పులన్నీ పట్టేవాళ్ళు, ఎంత వెతికినా అది పట్టుకోలేకపోయారు. తలుపు కొట్టింది ఎవరన్న మాట మీద మాత్రం తొమ్మిదేళ్ళు కొట్టుకున్నారు. తండ్రే అని ఒకరు, తండ్రి శవాన్ని మోసుకొచ్చినవాళ్ళని ఒకరు, ఎవరూ కాదు గాలేనని అమ్మ.

ఈలోగా అమ్మకి చూపు పోయింది. కంటిలో ఒత్తిడి పెరిగి మొదట అంచులు మసకబారాయి, తర్వాత నడిమధ్య కూడా. రెండేళ్ళుగా పూర్తి చీకటి. టేబుల్ దగ్గర నుంచి లేచి వచ్చేస్తూ మిగిలిన ఒక స్టిక్కర్ల చుట్ట తెచ్చుకుంది. దాన్ని దిండు కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చునేది. ఎవర్నీ ఏమీ అనేది కాదు. మంచినీళ్ళలో చీమ పడ్డా తాగేసేది. ఆ మంచితనం చూస్తే నాకు భయమేసేది.

అట్లాంటి మనిషికి, ఆ సినిమా రెండో భాగం వస్తోందని నేను చెప్పగానే వెన్ను నిటారుగా అయింది. "అదే అమ్మాయా?" అని అడిగింది. అదే అమ్మాయి అన్నాను. "తలుపు తీస్తుందా?" తీస్తుందన్నాను. ఇస్త్రీ బట్టలు తీయమంది. అంతకు ముందే రెండు మూడు సినిమాలకి తీసుకెళ్ళాను. పక్కన కూర్చుని నా మణికట్టు పట్టుకుంటుంది, నేను చెవిలో చెబుతాను, మాటలు తను వింటుంది. కానీ ఆ రోజు ఆట మొదలవకముందే నా మణికట్టు పట్టేసుకుంది.

తలుపు తెరుచుకుంది.

బయట వానలో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హీరో నిలబడి ఉన్నాడు. నడివానలో నల్లకళ్ళద్దాలు! "ఎవరు నువ్వు?" అంది ఆ పిల్ల. అతను పేరు చెప్పడానికి నిమిషన్నర పట్టింది. ఈలోగా ఎక్కడి నుంచో తూటా వచ్చి ఆమె గుండెలో దిగింది. పదో నిమిషంలో అతని ఒళ్ళో ప్రాణం వదిలింది. తొమ్మిదేళ్ళ ఎదురుచూపుని పది నిమిషాల్లో చంపేసి, మిగిలిన రెండుంపావు గంటలూ వాడి పగ, వాడి మోటారుసైకిలు, మంచుకొండల్లో వేరే పిల్లతో వాడి పాటలు. నా ఒళ్ళు మండిపోయింది. తీసినవాణ్ణి లైనులో నా ముందు కూర్చోబెట్టి వాడి చొక్కా వాడి ఒంటి మీదే కుట్టెయ్యాలనిపించింది.

"కింద పడిన చప్పుడైంది. ఏమైంది?" అంది అమ్మ. చెయ్యి బిగిసింది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ బిగిసిన వేళ్ళు చూశాను. రెండేళ్ళుగా గోడనే చూస్తున్న మనిషి.

"పడిపోయింది... కళ్ళు తెరిచింది అమ్మా. చచ్చినట్టు నటిస్తోంది" అన్నాను.

"పోయిందిరా, నా దేవత పోయిందిరా!" అని తెర మీద హీరో గొంతు చించుకుంటున్నాడు.

"వీడికి తెలీదు" అన్నాను.

అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. ఇంక నేను ఆగలేదు. ఒక అబద్ధం కప్పడానికి పది. ఆ పిల్లకి ఆ తర్వాత ఎలాగూ మాటల్లేవు కాబట్టి, పని పూర్తయ్యేదాకా మాట్లాడనని ఒట్టు పెట్టుకుందన్నాను. ప్రతి సీన్లోనూ ఆమెని ఓ మూల నిలబెట్టాను. హీరో కొడుతుంటే ఆమె వెనక నుంచి తాళ్ళు కోస్తోంది. హీరో పాడుతుంటే ఆమె దొంగల పడవకి చిల్లు పెడుతోంది. జనం విసుక్కుంటూ లేచిపోతుంటే, "కుర్చీల చప్పుడేంటి?" అని అమ్మ అడిగింది. ఏసీ పనిచేయట్లేదన్నాను, అది మాత్రం నిజం. చివరికి వాడు ఓడ పేల్చేస్తే, ఆ వెలుగు ఆమె మళ్ళీ వెలిగించిన దీపమని చెప్పాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది.

మెట్ల మీద నిలబడి వేళ్ళు విప్పి చూపించింది. "ఒక్కటి కూడా లేదు. రెండుంపావు గంటలు నోరు విప్పకుండా! మగాడు అరుస్తూనే ఉన్నాడు, ఆడది పని చేసుకుంటూ పోయింది. ఇదీ సినిమా అంటే!" చుట్టూ బండబూతులు తిట్టుకుంటూ దిగుతున్న జనం ఆగి ఆమె వంక చూశారు. ఒకాయన ఏదో అనబోతే, నోరు మూసుకోమన్నట్టు కళ్ళెర్రజేశాను.

ఆ వారం అమ్మ గోడ వైపు తిరగలేదు. నేను చేసింది మంచి పనే అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. నా సంగతీ అంతే. కళ్ళు మూసుకుపోయింది అమ్మకి కాదు, నాకు.

బుధవారం మధ్యాహ్నాలు అమ్మని ఫ్యాక్టరీ క్యాంటీనుకి తీసుకెళ్ళేదాన్ని. పాత చెకింగ్ టేబుల్ వాళ్ళంతా అన్నాల దగ్గర కలుస్తారు. అమ్మ గిన్నె మూత కూడా తీయకుండా సినిమా చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళంతా మొదటిరోజే చూసి, నిర్మాత ఏడుతరాలనీ తిట్టిపోసినవాళ్ళు. బొత్తాలు చూసే పెద్దావిడ, మేమంతా బొత్తాలక్క అంటాం, నోట్లో ముద్ద పెట్టుకోబోతూ ఆగి నా వైపు చూసింది. నేను అమ్మ వెనక నిలబడి రెండు చేతులూ జోడించాను.

"అవునక్కా, బాగా తీశాడు" అంది బొత్తాలక్క.

"ఆ అమ్మాయి బాగా చేసింది" అంది ఇంకొకావిడ.

"మళ్ళీ చూడొచ్చు" అంది మూడో ఆవిడ.

అమ్మ మాటలు ఆపేసింది. గిన్నె పక్కకి జరిపి, తల ఒకసారి అటూ ఇటూ తిప్పింది, ఎవరో లేరేమో అన్నట్టు. ముప్పై ఏళ్ళలో ఆ టేబుల్ ఏ విషయం మీదా ఏకమైంది లేదు. సూర్యుడు తూర్పున పుడతాడంటే కూడా నలుగురిలో ఒకరు కాదనేవాళ్ళు. "సరే, అన్నాలు తినండి, చల్లారిపోతాయి" అంది అమ్మ.

మా ఇంట్లో ఇంకో మనిషి ఉంది, మా వదిన. అన్నయ్య సిటీ బస్సు నడుపుతూ పొద్దున పోతే పొద్దుపోయి వస్తాడు కాబట్టి, ఇంట్లో ఉన్నట్టా లేనట్టా అంటే చెప్పలేను. వదిన ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పని చేస్తుంది. సూది గుచ్చేముందు ఎవరైనా చీమ కుట్టినట్టు ఉంటుందంటారు. మా వదిన "నొప్పి పుడుతుంది, కదలకండి" అంటుంది. కోడలిగా వచ్చిన మూడోరోజే, అమ్మ కుట్టిన దిండు గలీబు తిప్పి చూసి, "ఈ అంచు వంకర పోయింది అత్తయ్యా" అంది. చెకింగ్ టేబుల్ మనిషితో! యథార్థవాది లోకవిరోధి అన్నారు కదా. ఆరేళ్ళుగా అత్తా కోడళ్ళు ఉప్పూ నిప్పూ.

తర్వాతి ఆదివారం నేను ఓవర్‌టైం చేసి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. అరగంటకి వీధి చివర ఇద్దరూ కనిపించారు. వదిన మణికట్టు మీద అమ్మ చెయ్యి. వదిన మొహం కందగడ్డలా ఉంది.

"ఎక్కడికెళ్ళారు?" అన్నాను.

"సినిమాకి" అంది వదిన.

అమ్మ లోపలికొచ్చి, కుర్చీ తడుముకుని కూర్చుని, గ్లాసుడు నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టి, "పదో నిమిషంలో చచ్చిపోయింది" అంది.

నేను ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"నీ బాధ చూడలేక..." అని మొదలుపెట్టాను.

"నా బాధ నీకెందుకే?" అమ్మ గొంతు రెండేళ్ళ తర్వాత వీధిలోకి వినపడింది. "తొమ్మిదేళ్ళు ఎదురుచూసింది నేను. మోసపోయింది నేను. తిట్టాల్సింది నేను! కళ్ళు పోయాయిగానీ కోపం పోలేదే నాకు. చెత్త సినిమా చూసి కడుపారా తిట్టుకునే రాత కూడా లేకుండా చేశావు. ఆ మెట్ల మీద, అందరి ముందు, ఒక్క బాణం లేదని పదివేళ్ళు చూపించానే! జాలిపడి నోరు మూసుకున్నారు. నా టేబుల్ వాళ్ళు! నా మీద! జాలి!"

"అమ్మా, అది కాదు..."

"ఇంకేం ఉన్నాయి? సినిమా ఒక్కటేనా? గోడకి లేత ఆకుపచ్చ వేయించామన్నారు. వేశారా?"

నేను నోరు తెరిచేలోగా వదిన మాట్లాడింది. "వెయ్యలేదు అత్తయ్యా. పాత సున్నమే. పైన చెమ్మ దిగి మరక పడింది."

"నా జుట్టు ఇంకా నల్లగానే ఉందంటుంది ఇది. రోజూ దువ్వుతూ చెబుతుంది."

"మొత్తం తెల్లబడింది. పోయిన చలికాలానికే."

"ఏం, నీకేం పోయేకాలం వదినా!" అని నేను అరిచాను. "పుండు మీద కారం చల్లుతావా?"

"అడిగింది కాబట్టి చెప్పాను. నన్ను ఆరేళ్ళలో అడిగింది ఈరోజే" అంది వదిన. ఆమె కోపం నా మీదో, సినిమా మీదో, ఆ ఆరేళ్ళ మీదో నాకు తెలియలేదు. అమ్మ రెండు చేతులతో తన జుట్టు పట్టుకుని, ఒక పాయ ముందుకు లాక్కుని, వేళ్ళ మధ్య రుద్ది చూసుకుంది. చొక్కా గుడ్డ చూసినట్టు చూసింది. నేను బయటికి పోయి గుమ్మంలో కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ప్రేమతో చేసినదానికి దొంగలా నిలబెడతారా అని.

ఆనాటి నుంచి నా స్థానం పోయింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట, అత్తా కోడళ్ళు జంటగా. ఎండ నిప్పులు చెరుగుతున్నా ఆగింది లేదు. ఏ సినిమా వస్తే అది. వదినకి ఊహలల్లడం రాదు. "వాడు కొండ మీంచి దూకాడు. దూకింది బొమ్మ, కాళ్ళు వెనక్కి వేలాడుతున్నాయి" అని చెబుతుందట. తిరిగొచ్చి, గుమ్మం దాటకముందే ఇద్దరూ వేళ్ళు మడవడం. "పదమూడు!" అంటుంది అమ్మ. "పద్నాలుగు. విగ్గు మర్చిపోయారు" అంటుంది వదిన. ఇద్దరూ కలిసి ఊళ్ళో ఉన్న డైరెక్టర్లందరినీ ఉతికి ఆరేసేవాళ్ళు. అన్నయ్య నోరు తెరిచి చూసేవాడు. గోడకి రంగు కూడా వాళ్ళిద్దరూ దగ్గరుండి వేయించారు. నన్ను మాత్రం "అన్నం పెట్టు", "తలుపు వెయ్యి", అంతే. నేను కుట్టుమిషను ముందు కూర్చుని పళ్ళు కొరికేదాన్ని. ఆరేళ్ళు ఎడమొహం పెడమొహంగా ఉన్న మనిషి అయినదైంది, కళ్ళలో పెట్టుకు చూసుకున్నది కానిదైంది.

ఒకరోజు పనికి బయలుదేరుతుంటే అమ్మ దగ్గరికొచ్చి నా భుజం తడిమి, వీపు నిమిరింది. ప్రాణం లేచొచ్చింది. కోపం తగ్గిందనుకున్నాను. పగలంతా లైనులో హుషారుగా కుట్టాను. వెనక మిషన్లవాళ్ళు కిసుక్కున నవ్వుతుంటే ఎందుకో అర్థం కాలేదు. సాయంత్రం గేటు దగ్గర బొత్తాలక్క నన్ను ఆపి, వీపు మీంచి ఏదో పీకి చేతిలో పెట్టింది. ఎర్ర బాణం.

"పొద్దుటి నుంచీ ఉందా? చెప్పలేదేం?" అన్నాను. కన్నీళ్ళు వచ్చేంత కోపం.

"చెబితే బాధపడతావని" అంది బొత్తాలక్క. అని, తను ఏమన్నదో తనకే వినపడి, తల వంచుకుని వెళ్ళిపోయింది.

నేను ఆ స్టిక్కరు పట్టుకుని బస్టాపులో చాలాసేపు నిలబడ్డాను. పగలంతా నా వీపు అందరికీ కనిపించింది, నాకు తప్ప. అమ్మకి మెట్ల మీద జరిగింది ఇదే. ఇంటికి పోయి ఏం చెప్పాలో ఆలోచించాను కానీ, చెప్పలేదు. స్టిక్కరు తీసుకెళ్ళి నా మిషను మీద అంటించుకున్నాను.

మొదటి వానలు పడ్డాయి. రెండో భాగం చీదేసిందని, చేసిన పాపం కడుక్కోవడానికో ఏమో, హాలువాళ్ళు మొదటి భాగం మళ్ళీ వేశారు. శనివారం సాయంత్రం వదిన, "రేపు నాకు కుదరదు అత్తయ్యా, డ్యూటీ ఉంది" అంది. ఆదివారం ఆమెకి డ్యూటీ ఎప్పుడూ లేదు. మా వదిన జీవితంలో ఆడిన ఒకే ఒక్క అబద్ధం అదేనని నా అనుమానం.

హాల్లో పదిమంది కూడా లేరు. అమ్మ నా పక్కన కూర్చుని, చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్ళ తర్వాత చూస్తున్నాను. నా మనసులో ఉన్న సినిమా వేరు, తెర మీద ఉన్నది వేరు. సముద్రం నీళ్ళతొట్టిలా ఉంది. ఆకాశం గుడ్డ మీద వేసిన రంగు. నాకు మళ్ళీ కడుపు మండింది. దీని కోసమా మేము తొమ్మిదేళ్ళు కొట్టుకున్నది? "ఆకాశం మీద పడవ నీడ పడింది" అని చెప్పాను.

గాలివాన వచ్చింది. తలుపు చప్పుడైంది. ఆ పిల్ల లాంతరు తీసుకుని వచ్చింది. అమ్మ ప్రాణం పెట్టుకున్న చోటు ఇదే. అప్పుడు చూశాను. చూసి, ఛీ, ఇది చెప్పలేను అనుకున్నాను. నాలుక దానంతటదే మంచి మాటలు వెతుక్కుంటోంది. దీపం మెరిసింది, ఆమె కళ్ళు మెరిశాయి, అని ఎంతసేపు?

"చెప్పు" అంది అమ్మ.

"గడియ మీద చెయ్యి వేసింది. తలుపు అట్టది అమ్మా. చెయ్యి పడగానే గోడంతా ఊగింది. గోడ వెనకాల ఎవరో ఉన్నారు. పడిపోకుండా పట్టుకున్నారు. వేళ్ళు కనిపిస్తున్నాయి."

తెర నల్లబడింది. అమ్మ కదల్లేదు. చంపేశాను, ఈసారి నిజంగా చంపేశాను అనుకున్నాను.

"ఎన్ని వేళ్ళు?"

"నాలుగు."

"ఎటుపక్క?"

"ఎడమపక్క. గడియకి కాస్త పైన."

"ఆ బాణం పట్టుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టింది నీకు" అంది అమ్మ. "మొదటి ఆటలోనే చూశాను నేను."

"తెలిసీ పదకొండుసార్లు చూశావా?"

"తెలిస్తే? ఆ పిల్ల తలుపు తీయబోతోంది. అది ఊగే గోడైతే ఏం, రాతిగోడైతే ఏం?" దీపాలు వెలిగాయి. మెట్ల వైపు జనం కదిలారు. అమ్మ లేస్తూ తన చీకట్లో గాలి తడిమి, నా మణికట్టు దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకుంది. "నీ మీద నాకింకా కోపం తగ్గలేదు" అంది.

చెయ్యి మాత్రం తీయలేదు.